తోట లేని ఇంట్లో 3, 6 ఏళ్ల పిల్లలతో చేయించదగ్గ ప్రకృతి పనులు ఏవి?

కిటికీపక్క

పాపకి 3, బాబుకి 6. ఇంటికి తోట లేదు. పొద్దున రెండు మూడు గంటలు ఎండ పడే బాల్కనీ ఒకటి, వెడల్పాటి కిటికీ గట్టు ఒకటి ఉన్నాయి. ఎక్కడ వెతికినా ఆకులకి రంగులు పూయడం, రాళ్లకి కళ్లు అతికించడం లాంటివే ఎక్కువ. వాటిలో తప్పేం లేదు, కానీ నాకు కావలసింది అది కాదు. మొక్కో, పురుగో, మట్టో, నీళ్లో తన పని తాను చేసుకుపోతుంటే పిల్లలు దగ్గరగా చూడాలి, ముట్టుకోవాలి, "ఇదెందుకిలా అయింది?" అని వాళ్లంతట వాళ్లే అడగాలి.

మూడు సందేహాలు. దూదిలో వేసిన గింజలు ఎందుకు కుళ్లుతాయి, కుళ్లకుండా ఎలా మొలిపించాలి? గొంగళి పురుగుని ఇంట్లో పెంచి సీతాకోకచిలుకని చేయడం సబబేనా? ఇద్దరి వయసుకీ ఒకే పని సరిపోతుందా? దయచేసి కొలతలతో చెప్పండి: ఎన్ని నీళ్లు, ఎన్ని గంటలు, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది.

మట్టిచేతులు

మూడో సందేహం ముందు తేలిస్తే మిగతావి సులువు. పిల్లల పనికి వయసు చూసేటప్పుడు అది కష్టమా తేలికా అని కాదు, ఫలితం ఎంతసేపటికి కళ్లపడుతుందీ అన్నది చూడాలి. 3 ఏళ్ల పిల్లకి "ఎల్లుండి" అంటే ఎప్పుడో సరిగ్గా అందదు. చెయ్యి పెట్టిన గంటలోపు ఏదో ఒకటి తడవాలి, కదలాలి, రంగు మారాలి. 6 ఏళ్లవాడు వారం ఆగగలడు, రోజుకో మార్పు కనిపిస్తుంటే. కాబట్టి నెమ్మదిగా సాగేదొకటి, అప్పటికప్పుడు తేలేదొకటి జతగా పెట్టుకోండి. ఇద్దరికీ ఒకే పనిలో వేరు వేరు వంతులివ్వచ్చు: పాపకి నానబెట్టడం, నీళ్లు చల్లడం, బాబుకి కొలవడం, గీయడం.

ఇక గింజలు. దూది నీళ్లని విపరీతంగా పట్టి ఉంచుతుంది. పిల్లలేమో కనపడ్డప్పుడల్లా పోస్తారు. మొలకెత్తే గింజ గట్టిగా ఊపిరి తీసుకుంటుంది, దానికి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. నీళ్లలో మునిగిన గింజకి ఆక్సిజన్ అందదు, చచ్చిపోతుంది, దాని మీద బ్యాక్టీరియా పడుతుంది. పుల్లటి కుళ్లు వాసన వచ్చిందంటే కారణం ఇదే. పైగా దూదిలో వేరు పోగుల మధ్య చిక్కుకుంటుంది, చూడ్డానికి లాగితే తెగుతుంది.

దూది మానేసి గాజు సీసా పద్ధతి పట్టుకోండి. అర లీటరు నుంచి లీటరు దాకా పట్టే, గోడలు నిటారుగా ఉన్న సీసా తీసుకోండి. వంటింటి టిష్యూ కాగితాన్ని రెండు మడతలు చేసి లోపలి గోడకి ఆనేలా చుట్టూ పరచండి. మధ్య ఖాళీలో నలిపిన కాగితం బిగువుగా కుక్కండి. చాలామంది ఈ కుక్కే పని వదిలేస్తారు; రెండో రోజుకి కాగితం తడిసి జారిపోతుంది, గింజలన్నీ అడుక్కి చేరతాయి. తర్వాత గాజుకీ కాగితానికీ మధ్య గింజల్ని చెంచా కాడతో దోపండి, సీసా ఎత్తులో సగానికి కాస్త పైగా, ఒకదానికొకటి 4 సెం.మీ. ఎడంగా. అడుగున 2 సెం.మీ. ఎత్తు నీళ్లు చాలు. కాగితమే పైకి పీల్చుకుంటుంది. నీళ్లు ఎప్పుడూ గింజని తాకకూడదు. సీసా మీద మార్కర్‌తో గీత గీసి, "నీళ్లు ఈ గీత దాటకూడదు" అని పాపకి అప్పజెప్పండి. ఆ కాపలా ఆమె చాలా నిక్కచ్చిగా కాస్తుంది. మూత బిగించొద్దు.

ఏ గింజలు? పెసలు 8 గంటలు నానబెడితే వెచ్చటి గదిలో ఒక్క రోజులో వేరు మొన బయటపడుతుంది, అది పాప కోసం. రాజ్మా లేదా బొబ్బర్లు, వాటి పక్కనే శనగలో బఠాణీయో పెట్టండి, ఇవి బాబు కోసం. వీటిని 10 నుంచి 12 గంటలు నానబెట్టాలి. ఒక రోజు దాటి నీళ్లలో ఉంచితే అక్కడే ఊపిరాడక చెడతాయి. రాజ్మాకి వేరు రావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది.

రెండు రకాలు ఎందుకంటే, అవి లేచే తీరు వేరు. రాజ్మా కాడ ముందు గొళ్లెంలా వంగి, వీపుతో పైకి తోసుకుంటూ వస్తుంది. వెలుగు తగిలాక నిటారుగా సాగి, గింజలోని రెండు బద్దల్నీ తనతో పాటు పైకి మోసుకుపోతుంది. తొక్క ఒక్కోసారి టోపీలా మీదే వేలాడుతుంటుంది. శనగ అలా కాదు: బద్దలు ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటాయి, మధ్యలోంచి సన్నటి మొలక ఒక్కటే పైకి వెళుతుంది. ఈ తేడాని మీరు ముందే చెప్పేయకండి. వారం తర్వాత "ఇందులో గింజ ఎక్కడుంది, అందులో ఎక్కడుంది?" అని అడగండి చాలు.

వేరు 3 సెం.మీ. సాగాక సీసాని పక్కకి పడుకోబెట్టండి, అంతకుముందే మిగిలిన నీళ్లు వంపేసి. మర్నాటికి వేరు మొన మళ్లీ నేలవైపు తిరిగి ఉంటుంది, మొలక పైకి. అప్పటికే పెరిగిన భాగం వంగదు, కొత్తగా సాగే మొన దగ్గరే మలుపు వస్తుంది, అందుకని వేరు మోచేయిలా కనపడుతుంది. ఇంకో రోజాగి సీసాని మళ్లీ నిలబెడితే రెండో మలుపు, మెట్టు ఆకారం. పడుకోబెట్టిన రోజుల్లో నీళ్లు స్ప్రే చేయాలి, లేకపోతే కాగితం పైవైపు ఎండి అటువైపు గింజలు వాడిపోతాయి.

గింజ ఎంపికలో రెండు మాటలు. బద్దలు చేసినవి, వేయించినవి మొలవవు. విత్తనాల పొట్లాల్లో గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసినవి ఉంటాయి, అది బూజు పట్టకుండా వేసిన మందు. పిల్లల చేతికి అవి వద్దు, వంటింట్లోని గింజలే మేలు.

పూలకుండీ

వెంటనే తేలే పనులు కొన్ని.

కొమ్మకి సంచీ కట్టడం. బాల్కనీలో ఆకులు గుబురుగా ఉన్న ఏ మొక్కకైనా, ఎండ పడే కొమ్మకి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీ తొడిగి మూతిని దారంతో బిగించి కట్టండి. ఆకుల తడి తుడిచి కట్టాలి, లేకపోతే ఆ నీళ్లే అనుకుంటారు. గంట గంటన్నరలో లోపల ఆవిరి పట్టి, చుక్కలై మూలకి దిగుతాయి. పక్కనే అలాంటి సంచీనే ఖాళీగా, గాలి నింపి కట్టి పెట్టండి. అందులో నీళ్లు రావు. ఖాళీ సంచీ లేకపోతే 6 ఏళ్లవాడు "గాలిలోంచి వచ్చాయేమో" అంటాడు, ఆ అనుమానం సరైనదే. రెండు మూడు గంటలు దాటి మండే ఎండలో ఉంచకండి, ఆకు ఉడికి నల్లబడుతుంది.

రంగునీళ్లలో పువ్వు. అందరికీ తెలిసిందే, కానీ సగం ఇళ్లలో సరిగ్గా రాదు. 100 మి.లీ. నీళ్లకి ద్రవరూపంలో ఉన్న ఫుడ్ కలర్ 20 నుంచి 30 చుక్కలు పోయాలి. "ఐదు చుక్కలు వేశాం, రంగు రాలేదు" అనేవాళ్లే ఎక్కువ. నీలం, ఎరుపు బాగా ఎక్కుతాయి. పసుపు రంగు తెల్ల రేకుల మీద తెలియదు. తెల్ల కార్నేషన్, తెల్ల చామంతి మంచివి. పువ్వు అప్పుడే విచ్చుకున్నదై ఉండాలి. వాడుముఖం పట్టింది నీళ్లు తాగదు. కాడని 15 సెం.మీ.కి కుదించి, కొసని ఏటవాలుగా, నీళ్లలో ముంచి ఉంచే కోయండి. గాలిలో కోస్తే కాడలోని సన్నటి గొట్టాల్లోకి గాలి బుడగ పోయి నీళ్ల దారి అడ్డుకుంటుంది. కొన్ని గంటల్లో రేకుల అంచుల్లో గీతలు పడతాయి, రంగు బాగా తేలడానికి ఒక రోజు పట్టచ్చు.

6 ఏళ్లవాడికి దీన్ని ఇంకో మెట్టు ఎక్కించచ్చు. రెండు పువ్వులు, ఒకే రంగునీళ్లు. ఒకటి గాలి ఆడే కిటికీ దగ్గర, రెండోది పూవు మొత్తం కప్పేలా సంచీ కట్టి. కప్పిన దానిలో రంగు నెమ్మదిగా ఎక్కుతుంది, ఎందుకంటే పైన ఆవిరయ్యే నీళ్లే కింది నీళ్లని లాగుతాయి. ఇందాకటి సంచీలో చూసిన చుక్కలకీ దీనికీ సంబంధం వాడికి తట్టిందంటే పండగే. తట్టకపోయినా ఫర్వాలేదు.

ఒకటి మాత్రం మానండి. ఆకుని గాజు గ్లాసు నీళ్లలో ముంచి ఎండలో పెట్టి, దాని మీద పుట్టే బుడగల్ని చూపించి "ఆకు ఊపిరి" అని చెప్పడం బాగా ప్రచారంలో ఉంది. కుళాయి నీళ్లు వెచ్చబడితే వాటిలో కరిగి ఉన్న గాలి బుడగలై బయటికొస్తుంది, దేని మీద పడితే దాని మీద అంటుకుంటుంది. పక్క గ్లాసులో ప్లాస్టిక్ చెంచా పెట్టి చూడండి, దాని మీదా బుడగలే. నిజంగా చూపించాలంటే అక్వేరియంలో పెంచే నీటి మొక్క కావాలి. మంచి వెలుగులో దాని కాడ తెగిన చోటు నుంచి బుడగలు వరసగా, ఒకే చోటు నుంచి వస్తాయి. వెలుగు తగ్గిస్తే జోరు తగ్గుతుంది.

నిమ్మచెట్టు_నీడ

గొంగళి పురుగు సంగతి. పెంచడం సబబే, మూడు షరతుల మీద: అది తినే మొక్క ఏదో ఖాయంగా తెలిసి ఉండాలి, ఆ ఆకులు రోజూ మందు కొట్టని చోటు నుంచి దొరకాలి, సీతాకోకచిలుక బయటికొచ్చి రెక్కలు గట్టిపడగానే వదిలేయాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మొక్క మీదే ఉంచి భూతద్దంతో చూడండి, నష్టమేం లేదు. ఏదో పురుగు కనపడింది కదా అని తెచ్చి, నాలుగు రకాల ఆకులు వేసి "ఏదో ఒకటి తింటుందిలే" అనుకుంటే ఆకలితో చస్తుంది. చాలా రకాల గొంగళి పురుగులు తమ మొక్క తప్ప ఇంకోటి నోట పెట్టవు.

మొదటిసారికి నిమ్మ, నారింజ జాతి మొక్కల మీద ఉండేవి అనువైనవి. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా నలుపు తెలుపుగా ఉంటాయి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. కదిలిస్తే తల వెనక నుంచి మెత్తటి రెండు కొమ్ముల్లాంటిది బయటికి చాపి ఘాటైన వాసన వదులుతాయి. విషం కాదు, బెదిరింపు. పిల్లలు మళ్లీ మళ్లీ చేయించాలని చూస్తారు, ఒకసారి చాలనండి.

ఇల్లు: కనీసం 25 సెం.మీ. ఎత్తున్న పారదర్శక డబ్బా, పైన దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండు. మూతకి చిల్లులు పెడితే చాలదు, ఆకుల తడి లోపలే ఆవిరై గోడలకి పడుతుంది, ఆ చెమ్మలో రోగం వస్తుంది. అడుగున తెల్ల కాగితం పరిచి రోజూ మార్చండి. డబ్బాకి రెండే రెండు పురుగులు. కొమ్మని చిన్న సీసా నీళ్లలో నిలబెడితే ఆకులు రెండు రోజులు తాజాగా ఉంటాయి, కానీ సీసా మూతిని కాడ చుట్టూ దూదితో పూర్తిగా మూసేయాలి. లేకపోతే పురుగు కాడ పట్టుకుని దిగి నీళ్లలో పడి చస్తుంది. ఇంటి పెంపకంలో బాగా ఎక్కువగా జరిగేది ఇదే. పాత ఆకు మీదున్న పురుగుని వేళ్లతో పీకకూడదు. దాని కాళ్లు గట్టిగా పట్టుకుని ఉంటాయి, తెగిపోవచ్చు. ఆ ఆకు ముక్కతో సహా కత్తిరించి కొత్త కొమ్మ మీద పెట్టండి, అదే దాటుకుంటుంది.

కింద రాలే రెట్ట గుళ్లు బాబుకి మంచి పని. రోజూ కాగితం మీద వరసగా పేర్చితే గుళ్ల సైజు పెరగడం కనపడుతుంది. పురుగు జీవితం మొత్తంలో తినేదాంట్లో ఎక్కువ భాగం ఆఖరి దశలోనే తింటుంది, అప్పుడే ఆకులు చాలక ఇబ్బంది పడతారు, ముందే చూసుకోండి.

ఒకరోజు తినడం మానేసి, నీళ్లగా విసర్జించి, డబ్బా అంతా తిరగడం మొదలుపెడుతుంది. జబ్బు చేసిందని కంగారు పడొద్దు, ప్యూపాగా (రెక్కలు వచ్చే ముందు కదలకుండా ఉండే గుల్ల దశ) మారడానికి చోటు వెతుక్కుంటోంది. గరుకైన పుల్ల ఒకటి ఏటవాలుగా ఉంచండి. తోక కొసని పట్టుదారంతో అతికించుకుని, నడుముకి ఒక దారం చుట్టుకుని ఆనుకుంటుంది. ఆ స్థితిలో కదిలించొద్దు. రోజు గడిచేసరికి తోలు విడిచి ప్యూపా అవుతుంది. వెచ్చటి వాతావరణంలో ఒకటి రెండు వారాలు. చలికాలంలో కొన్ని జాతులు నెలల తరబడి అలాగే ఉంటాయి. బయటికొచ్చే ముందు రోజు ప్యూపా ముదురుగా మారి, రెక్కల మీది మచ్చలు పైనుంచే కనపడతాయి.

బయటికొచ్చినప్పుడు రెక్కలు నలిగిన తడిగుడ్డలా ఉంటాయి. అది పైకెక్కి రెక్కలు కిందికి వేలాడేలా పట్టుకుని, ఒంట్లోని ద్రవాన్ని వాటిలోకి నెట్టి సాగదీసుకోవాలి. పట్టు దొరకక కింద పడితే, పక్కన 8, 10 సెం.మీ. ఖాళీ లేకపోతే రెక్కలు అలా ముడతలతోనే గట్టిపడతాయి, ఇక ఎగరలేదు. నున్నటి గాజు గోడ మీద పట్టు దొరకదు, అందుకే పుల్లలు, గుడ్డ. గోధుమో ఎరుపో రంగు చుక్కలు రాల్చుతుంది. అది రక్తం కాదు, ప్యూపాలో మిగిలిన వ్యర్థం. పిల్లలకి ఈ ఒక్కటి మాత్రం ముందే చెప్పి ఉంచండి. మూడు నాలుగు గంటల తర్వాత, పగటిపూట, వాన లేనప్పుడు గుడ్డ తీసేయండి.

ప్యూపాకి గుండ్రటి చిన్న రంధ్రం పడి, అందులోంచి సీతాకోకచిలుక బదులు చిన్న కందిరీగలాంటిది రావచ్చు. పురుగు బయట ఉన్నప్పుడే దాంట్లో గుడ్లు పెట్టి ఉంటుంది. ఇది మీ పెంపకం లోపం కాదు. ఈ నష్టం తగ్గాలంటే పెద్ద పురుగుని కాకుండా గుడ్డునో, అప్పుడే పొదిగిన పిల్లనో తెచ్చుకోవాలి.

కిటికీపక్క

అందరికీ ధన్యవాదాలు. గింజల సీసా గురించి ఇంకో రెండు. వేరు చుట్టూ తెల్లటి నూగులాంటిది వస్తే అది బూజేనా? సీసాని ఎండలో పెట్టాలా, నీడలోనా? అలాగే, పాప కోసం మొక్క, పురుగు కాకుండా మట్టి, నీళ్లతో ఏమైనా ఉంటే చెప్పండి.

మట్టిచేతులు

నూగు వేరుకి మాత్రమే ఉండి, మొనకి కాస్త పైన మొదలై, అన్నీ ఒకే పొడవున బ్రష్ కుచ్చులా నిలబడి ఉంటే అవి వేరు రోమాలు. నీళ్లు చిలకరిస్తే వేరుకి అంటుకుపోయి కనపడకుండా పోతాయి. మొక్క నీళ్లు తాగేది ఎక్కువగా వాటితోనే, భూతద్దంతో తప్పక చూపించండి. నూగు గింజ మీద, తొక్క మీద, కాగితం మీద కూడా పాకుతూ, సాలెగూడులా చిక్కుగా ఉంటే, బూడిద రంగో నల్ల చుక్కలో ఉంటే బూజు. ఆ గింజ ఒక్కటి తీసేయండి, మిగతావి సాధారణంగా బతుకుతాయి. విరిగిన గింజలకి ముందు బూజు పడుతుంది కాబట్టి నానబెట్టాక పగిలినవి ఏరేయడం మంచిది.

మొలిచేదాకా ఎండ అక్కర్లేదు. గాజు సీసా నేరుటెండలో పొయ్యిలా వేడెక్కి గింజల్ని చంపేస్తుంది. ఆకులు విచ్చాక వెలుగు బాగా వచ్చే కిటికీ దగ్గరికి మార్చండి. వెలుగు ఒకవైపు నుంచే వస్తే మొలకలు అటే వాలతాయి. సీసా తిప్పి పెడితే మళ్లీ ఇటు వాలడానికి ఒక రోజు కూడా పట్టకపోవచ్చు, అదీ చూడదగ్గదే.

చీమలబారు

మట్టి, నీళ్లు అడిగారు.

నీటి మడుగు. గరుకు సిమెంటు నేల మీద 50 మి.లీ. నీళ్లు ఎండలో ఒకచోట, అంతే నీళ్లు నీడలో ఇంకోచోట పోయండి. పాప చేత మడుగు అంచు వెంబడి సుద్దముక్కతో గీత గీయించండి. పది నిమిషాలకోసారి కొత్త అంచు వెంట మళ్లీ గీత. ఎండలోది అరగంటలో చాలా చిక్కిపోతుంది, గీతలు ఒకదానిలో ఒకటి మిగులుతాయి. నున్నటి టైల్స్ మీద కుదరదు, నీళ్లు పారిపోతాయి, తడి మీద సుద్ద పడదు. అంచుకి వేలెడు బయట, పొడి నేల మీద గీయాలి.

మట్టి సీసా. లీటరు సీసాలో మూడో వంతు తోట మట్టి (రాళ్లు, పుల్లలు ఏరేసి), పైన 3 సెం.మీ. వదిలి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. మూత బిగించి రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపి, కదలని చోట పెట్టేయాలి. ఊపడం పాప పని. నిమిషంలోపే ఇసుక అడుక్కి చేరుతుంది. రెండు గంటల్లో దాని మీద సన్నటి ఒండ్రు పొర. బంకమన్ను దిగడానికి రోజు, రెండు రోజులు; కొన్ని మట్టుల్లో నీళ్లు అప్పటికీ తేటపడవు. లిక్విడ్ ఎందుకంటే బంకమన్ను రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఇసుకతో పాటే దిగిపోకుండా. కుండీల కోసం సంచీల్లో అమ్మే మిశ్రమం వాడితే పొరలు రావు, అందులో ఉండే కొబ్బరి పొట్టు తేలిపోతుంది. రెండు చోట్ల మట్టి తెచ్చి రెండు సీసాలు పక్కపక్కన పెడితే పొరల మందం తేడా బాబు స్కేలుతో కొలవచ్చు.

వానపాముల సీసా గురించి ఎవరూ చెప్పలేదు, బహుశా మంచిదే. పాములు వెలుగు చూడగానే లోపలికి పోతాయి, పిల్లలకి రెండు వారాలు మట్టే కనపడుతుంది. చేయాలనుకుంటే మాత్రం రెండు లీటర్ల సీసా, ఇసుక, మట్టి మారుస్తూ 3 సెం.మీ. పొరలు, నాలుగైదు పాములు, చుట్టూ నల్ల కాగితం. కాగితం తీసి రోజుకి ఐదు నిమిషాలే చూడాలి. మట్టిని పిడికిట్లో పిండితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, ఎండితే చస్తుంది, మట్టి నీళ్లతో నిండిపోయినా చస్తుంది. పొరలు కలిసిపోయాక తెచ్చిన చోటే వదిలేయండి.

నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ చూపించేవి చీమలు. కుట్టని రకం నల్ల చీమలు తిరిగే చోట ఒక కాగితం పరిచి, అవతలి అంచున చెంచాడు చక్కెర రెండు చెంచాల నీళ్లలో కలిపి ఒక్క చుక్క వేయండి. మొదటి చీమ కనుక్కోవడమే ఆలస్యం, అరగంటలో బారు కడతాయి. అప్పుడు బారుకి అడ్డంగా వేలెడు వెడల్పున తడిగుడ్డతో తుడవండి. రెండు వైపులా చీమలు ఆగిపోయి, మీసాలు ఆడిస్తూ గజిబిజిగా తిరుగుతాయి. అవి నడిచేది వాసన దారి మీద, ఆ దారే తెగింది. కాసేపటికి ఏదో ఒకటి దాటుతుంది, బారు మళ్లీ అతుక్కుంటుంది. ఇంకోసారి, తుడవకుండా కాగితాన్ని మెల్లగా పావు వంతు తిప్పండి: కొన్ని చీమలు చక్కెర ఉన్న వైపు కాకుండా పాత దారి వాసన పట్టుకుని పక్కకి పోతాయి. అయిపోయాక సబ్బునీళ్లతో నేల తుడవకపోతే మర్నాడు వంటింట్లో ఉంటాయి.

చేతులు_కడిగారా

పైవాటిలో చెప్పనివి చెబుతాను.

పాపకి 3 ఏళ్లే కాబట్టి గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. ముక్కులో, చెవిలో దోపుకున్న గింజ తడికి ఉబ్బి ఇరుక్కుంటుంది; నీళ్లు పోసో, పిన్నుతోనో తీయబోకండి, డాక్టరు దగ్గరికే. ఇదే కారణంగా, నీళ్లలో ఉబ్బే రంగు రంగుల వాటర్ బీడ్స్ "ప్రకృతి ఆట" పేరుతో ఎవరిచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి.

రాజ్మా పచ్చిగా విషం, నానినదీ, మొలకెత్తినదీ కూడా. నోట్లో పెట్టుకునే అలవాటుంటే పాప సీసాలో పెసలే వేయండి. ఆముదం గింజలు, గురివింద గింజలు చూడ్డానికి అందంగా ఉంటాయని సేకరణలో పెడుతుంటారు. రెండూ ప్రాణాంతకం, నమిలితే మరీ. గన్నేరు, ఉమ్మెత్త ఆకులు పువ్వులు కూడా ముట్టించొద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది, కాబట్టి దాని మీద పెరిగే పురుగుల కోసం ఆకులు కోసేది పెద్దవాళ్లే.

ఒంటి నిండా నూగు ఉన్న గొంగళి పురుగుని ఏ రకమైనా ముట్టుకోనివ్వకండి, వెంట్రుకలు చర్మంలో గుచ్చుకుని దద్దుర్లు వస్తాయి. వస్తే రుద్దకుండా, అంటించే టేపుతో వెంట్రుకల్ని లాగేసి, సబ్బుతో కడగాలి. రోకలిబండ పురుగు చుట్టుకోవడం దూరం నుంచి పుల్లతో చూపించండి, చేతిలోకి వద్దు. జెర్రి అయితే దగ్గరికే వద్దు. నత్తని గాజు పలక మీద పాకించి అడుగు నుంచి చూస్తే దాని పాదంలో అలలు కదలడం చక్కగా కనపడుతుంది, కానీ నత్తల జిగురులో పరాన్నజీవులు ఉండచ్చు, అందుకే ముట్టుకున్నాక 20 సెకన్లు సబ్బుతో కడగడం తప్పనిసరి. మట్టి పనికీ అదే లెక్క.

భూతద్దం 3 నుంచి 5 రెట్లు చూపేది, ప్లాస్టిక్‌ది, వెడల్పాటిది. దాంట్లోంచి సూర్యుణ్ణి చూడకూడదు. వాడాక ఎండ పడే గట్టు మీద వదిలేయకూడదు, కాగితం అంటుకుంటుంది. పిట్టలకి నీళ్లు పెట్టే పళ్లెం రోజూ కడిగి మార్చండి. వెచ్చటి రోజుల్లో దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

మట్టిచేతులు

నమోదు గురించి ఒక చిట్కా, ఇద్దరికీ పనికొస్తుంది. పొడవు అంకెల్లో రాయించకండి. రోజూ అదే వేళకి మొలక పక్కన కాగితం పట్టీ నిలబెట్టి, మొలక ఎత్తుకి కత్తిరించి, ఒక అట్ట మీద వరసగా అతికించండి. కత్తిరించడం బాబు, అతికించడం పాప. పది రోజులకి ఎదుగుదల దానంతటదే పటం అవుతుంది. ఏ రోజు ఎక్కువ పెరిగిందో పాప కూడా వేలు పెట్టి చూపిస్తుంది. చూసే ముందు "ఇవాళ ఎంత ఉంటుంది?" అని పట్టీ మీద గీత పెట్టించి, ఆ తర్వాత కొలవండి.

సీసాలోని రాజ్మా తన బద్దల్లో ఉన్న తిండితోనే బతుకుతుంది. రెండు వారాలకి అటూ ఇటూగా అవి ముడుచుకుని రాలిపోతాయి, ఆ తర్వాత మట్టి కావాలి. కాగితంలోంచి వేరుని లాగితే తెగుతుంది, కాగితం ముక్కతో సహా కత్తిరించి, అడుగున చిల్లు ఉన్న 15 సెం.మీ. కుండీలో పాతేయండి, కాగితం మట్టిలో కలిసిపోతుంది. మొదటి మూడు రోజులు నేరుటెండ తగలకుండా ఉంచాలి. తీగ రకమైతే పుల్ల ఇప్పుడే గుచ్చండి, తర్వాత గుచ్చితే వేర్లు దెబ్బతింటాయి.